ఒకటో నంబరు రోజు

ఐబీఎం ఐ యంత్రం లెక్కలో 1582 అక్టోబరు 15 అంటే 1. ఆ మర్నాడు 2. అలా లెక్కపెట్టుకుంటూ వస్తే 2000 జనవరి 1 దగ్గర 1,52,385 అవుతుంది. తేదీని ఇలా ఒక అంకెగా మార్చి ఇచ్చే సిస్టమ్ ప్రోగ్రామ్ పేరు సీఈఈడేస్. అది ఇచ్చే అంకెను లిలియన్ రోజు అంటారు. ఉద్యోగంలో నిత్యం వాడుకునే ఈ లెక్క ఏ ఊళ్ళో మొదలైందో ఆ ఊరు చూడాలని చాలాకాలంగా ఉండేది. ఒక అక్టోబరులో సెలవు దొరకగానే మా వారితో కలిసి రోమ్‌కి బయల్దేరాను.

ముందు నా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. హైదరాబాదులో మా బృందం చూసేది అప్పుల వాయిదాల సాఫ్ట్‌వేరు. అది నడిచేది ఐబీఎం ఐ మీద, అంటే పాతవాళ్ళు ఇప్పటికీ ఏఎస్/400 అని పిలిచే యంత్రం మీద. దానికి పనులు చెప్పే కమాండ్ భాష సీఎల్. 1978లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/38తో వచ్చి, 1988లో ఏఎస్/400లోకి నడిచి, ఇవాళ్టికీ బతికే ఉంది. కమాండ్ పేరంటే సాధారణంగా మూడక్షరాల క్రియ, దాని వెనక ఏ వస్తువు మీద పని అనే పొట్టిమాట. డిస్‌ప్లేకి డీఎస్‌పీ, జాబ్‌కి జేఓబీ. రెండూ కలిపితే నడుస్తున్న జాబ్ వివరాలు తెర మీదికొస్తాయి. తెలియని కమాండ్ పేరు టైపు చేసి ఎఫ్4 నొక్కితే దానికి కావలసినవేమిటో ఖాళీలతో సహా చూపిస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు కూడా వారం తిరక్కుండా దీనికి అలవాటు పడిపోతారు.

ఇంత క్రమశిక్షణ ఉన్న భాషలో తేదీ అనే రకం వేరియబుల్ లేదు. అక్షరాలున్నాయి, దశాంశాలున్నాయి, పూర్ణాంకాలున్నాయి, అవును-కాదు చెప్పేదొకటి ఉంది. తేదీకి మాత్రం సీవీటీడాట్ అనే కమాండ్ ఒక్కటే దిక్కు. అది రోజు-నెల-ఏడు వరసను ఏడు-నెల-రోజుగా తిప్పి ఇస్తుంది. ‘ఈ తేదీకి 45 రోజులు కలుపు’ అని అడగడానికి మాత్రం భాషలో మాట లేదు.

పాతతరం వాళ్ళు దీనికో అడ్డదారి పట్టేవారు. తేదీని ఏడు, ఆ ఏట ఎన్నో రోజు అనే రూపంలోకి మార్చేవారు. 2024 జనవరి 31 అలా 24031 అవుతుంది. దానికి 30 కలిపితే 24061, వెనక్కి తిప్పితే మార్చి 1. బాగానే ఉంది. అదే పని డిసెంబరు 15న చేస్తే 24350కి 30 కలిసి 24380 వస్తుంది. ఏ సంవత్సరానికీ 380వ రోజు లేదు. అందుకని ప్రతి ప్రోగ్రాములోనూ ఏడాది దాటిందా, లీపు సంవత్సరమా అని చూసే పంక్తులు ఎవరికి వారు రాసుకునేవారు.

సీఎల్‌లో నాకు నచ్చిన గొప్పగుణం ఇక్కడే ఉంది. లేని మాటను మనమే చేర్చుకోవచ్చు. ఒక చిన్న సోర్సులో కమాండ్ శీర్షిక, ఒక్కో పారామీటరుకు ఒక్కో పంక్తి రాసి, వెనక పనిచేసే ప్రోగ్రామ్ ఏదో చూపించి సృష్టిస్తే చాలు. ఆ క్షణం నుంచి అది ఐబీఎం ఇచ్చిన కమాండ్లతో సమానం. అదే ఎఫ్4, అదే ఎఫ్1 సహాయం, అదే తప్పుల తనిఖీ. మేము ఏడీడీడాట్ అని ఒకటి చేసుకున్నాం. ఇచ్చిన తేదీ ఒకటి, కలపాల్సిన సంఖ్య ఒకటి, అది రోజులా నెలలా అన్నది ఒకటి, జవాబు వచ్చి కూర్చునే వేరియబుల్ ఒకటి. జవాబును వేరియబుల్లో పెట్టే కమాండ్ కాబట్టి అది ప్రోగ్రాముల లోపలే నడుస్తుంది.

తేదీని తీసుకునే పారామీటరు దగ్గర చాలాసేపు ఆలోచించాం. కమాండ్లలో తేదీ రకం పారామీటరు పెట్టుకునే వీలుంది. కానీ అక్కడ ఏడాదిని రెండంకెల్లో ఇస్తే సిస్టమ్ దాన్ని 1940కీ 2039కీ మధ్యకు తెస్తుంది. మావి ఇళ్ళ అప్పులు. 2020లో ఇరవై ఏళ్ళకు తీసుకున్న అప్పు 2040లో తీరాలి. ఎవరైనా 40 అని రాస్తే అది గాంధీగారు సేవాగ్రామ్‌లో ఉన్న కాలానికి పోతుంది. అందుకే ఎనిమిదంకెల ఏడు-నెల-రోజు రూపమే తీసుకోవాలని నిర్ణయించాం. లోపల సీఈఈడేస్ దాన్ని లిలియన్ అంకె చేస్తుంది, మేము కూడిక చేస్తాం, సీఈఈడేట్ దాన్ని మళ్ళీ తేదీ చేస్తుంది. 2024 జనవరి 31 అంటే 1,61,181. దానికి 30 కలిపితే 1,61,211. అది మార్చి 1. ఏడాది మారినా, లీపు వచ్చినా కూడిక కూడికే.

రోజులు కలపడం ఇంత తేలిక. నెలలు కలపడం దగ్గరకొచ్చేసరికి బృందమంతా రెండు పక్షాలైంది. జనవరి 31కి ఒక నెల కలిపితే ఏమవ్వాలి? లైనక్స్‌లో ‘డేట్’ కమాండ్‌ని 2024 జనవరి 31కి ఒక నెల కలపమంటే మార్చి 2 చెబుతుంది. ఫిబ్రవరి 31 లేదు కనుక మిగిలిన రెండు రోజులు మార్చిలోకి జరుగుతాయి. మా యంత్రంలో ఎస్‌క్యూఎల్‌ని అడిగితే ఫిబ్రవరి 29 దగ్గర ఆగుతుంది. సరే, ఆ ఫిబ్రవరి 29కి ఇంకో నెల కలిపితే? మామూలు కూడికలో మార్చి 29 వస్తుంది. అదే ఎస్‌క్యూఎల్‌లోని యాడ్ మంత్స్ ఫంక్షన్‌ని అడిగితే, నెలాఖరు నుంచి నెలాఖరుకే వెళ్ళాలని మార్చి 31 ఇస్తుంది. ఒకే యంత్రం, ఒకే డేటాబేసు, రెండు జవాబులు. రెండూ పద్ధతిగా ఆలోచించి పెట్టినవే. వాయిదా కట్టే మనిషికి మాత్రం ఆ రెండు రోజుల తేడా వడ్డీలో కనిపిస్తుంది.

“ఏదో ఒకటి డిఫాల్ట్ పెట్టెయ్యమ్మా, అవసరమైనవాళ్ళు మార్చుకుంటారు” అన్నారు బృందంలో పెద్దాయన. ఆ మాట తేలకుండానే నేను విమానమెక్కాను.

రోమ్‌లో మేము దిగిన చోటు తెర్మిని స్టేషనుకు దగ్గర. ఆ స్టేషను ఎదుట మైదానం దాటితే డయోక్లీషియన్ చక్రవర్తి పేరిట కట్టిన స్నానశాలల శిథిలాలు. ఆ శిథిలాల లోపలే 1560లలో మైఖెలాంజిలో తీర్చిన చర్చి సాంతా మరియా దెల్యి ఆంజెలి. బయటినుంచి చూస్తే మొండి ఇటుక గోడ. లోపల అడుగుపెడితే తల వెనక్కి వాల్చినా పైకప్పు అందనంత ఎత్తు, ఎర్రటి గ్రానైటు స్తంభాలు. చాలామంది ఆ ఎత్తునే చూస్తూ నిలబడతారు. నేను వెతుక్కున్నది నేల మీది గీత.

పోప్ పదకొండో క్లెమెంట్ కోరికపై ఫ్రాన్చెస్కో బియాంకీని దీన్ని 1702లో పూర్తిచేశాడు. పాలరాతిలో పొదిగిన లోహపు గీత, సుమారు 45 మీటర్ల పొడవున, గుడి నేల మీద ఉత్తర దక్షిణాలుగా పరుచుకుని ఉంటుంది. దక్షిణపు గోడలో దాదాపు 20 మీటర్ల ఎత్తున ఒక చిన్న రంధ్రం. ఎండ రోజున మధ్యాహ్నం ఆ రంధ్రంలోంచి వచ్చే సూర్యబింబం నేల మీద పడి, సరిగ్గా మిట్టమధ్యాహ్నం వేళకు గీతను దాటుతుంది. వేసవిలో సూర్యుడు నెత్తిమీద ఉంటాడు కనుక బింబం రంధ్రానికి దగ్గర్లో, కర్కాటకం వైపు పడుతుంది. చలికాలంలో దూరంగా, మకరం వైపు. గీత పక్కన రాశులన్నీ రంగురాళ్ళతో చెక్కి ఉన్నాయి. 1582లో పోప్ పదమూడో గ్రెగరీ తెచ్చిన కొత్త క్యాలెండరు సూర్యుడితో సరిగా నడుస్తోందా లేదా అని సరిచూడడానికే ఈ ఏర్పాటంతా. విషువత్తు ఏ రోజు వస్తుందో తెలిస్తేనే ఈస్టరు లెక్క నిలుస్తుంది.

మేము వెళ్ళింది అక్టోబరు 15నే. ఆకాశం నిర్మలంగా ఉంది. గడియారంలో పన్నెండున్నర దాటాక తుల గుర్తు దాటి కాస్త అవతల, గీతకు పడమటి వైపు నేల మీద ఒక వెలుగు ముద్ద కనబడింది. కోలగా, అన్నం తినే పళ్ళెం కంటే పెద్దది. అంచులు మసకగా ఉన్నాయి. ఊరికే చూస్తే కదులుతున్నట్టు ఉండదు. మా వారు కిందకు వంగి, దాని అంచు దగ్గర రాతిమీద వేలుపెట్టి చూశారు. కొన్ని క్షణాలకే వెలుగు వేలుమీదికి ఎక్కింది. దాదాపు ఒంటిగంట కావస్తుండగా దాని తూర్పు అంచు గీతను తాకింది. మొత్తం బింబం దాటడానికి రెండు నిమిషాలకు కాస్త ఎక్కువే పట్టింది. బింబం నడుమ గీత సరిగ్గా రెండు సగాలు చేసిన క్షణం రోమ్ నగరపు మిట్టమధ్యాహ్నం. గడియారంలో ఐరోపా వేసవికాలపు సమయం కాబట్టి పన్నెండు కాక ఒంటిగంట దరిదాపుల్లో వచ్చింది.

“ఈ గీతకీ నీ కమాండ్‌కీ సంబంధం ఏమిటి?” అన్నారు మా వారు. ఆయన సహకార సంఘంలో పద్దులు చూసే మనిషి.

“ఇది రోజుకొక్కటి చొప్పున లెక్కపెడుతుందండీ. దీనికి నెల తెలీదు, ఏడు తెలీదు. బింబం గీత దాటితే ఒకటి కలుపుకోవడమే. నేను వాడే అంకె కూడా అంతే” అన్నాను.

“మరి మన పంచాంగంవాళ్ళు చేసేదీ అదేగా, అహర్గణం?” అన్నారాయన.

ఆయన అన్నాక నాకు అక్కడే కూర్చుని లెక్క చెయ్యాలనిపించింది. మన సిద్ధాంతులు గ్రహాల స్థానం కట్టాలంటే మొదట చేసే పని కల్యాది, అంటే కలియుగం మొదలైన రోజు నుంచి ఇప్పటికి గడిచిన రోజులు తెలుసుకోవడం. దాన్నే అహర్గణం అంటారు. కల్యాది క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరి 18, శుక్రవారం. అక్కడి నుంచి 1582 అక్టోబరు 15కి గడిచినవి 17,10,695 రోజులు. దాన్ని ఏడుతో భాగించాను. శేషం లేదు, సరిగ్గా 2,44,385 వారాలు. 1582 అక్టోబరు 15 కూడా శుక్రవారమే. అక్కడి బల్ల మీద కాగితంపై రెండు లెక్కలూ ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి. ఉజ్జయిని రేఖ మీద పెట్టుకున్న మొదలు ఒకటి, రోమ్‌లో పెట్టుకున్న మొదలు ఇంకొకటి. రెండింటి మధ్యా ఒక తీసివేత తప్ప వేరే తేడా లేదు. ఏ దేశంలో ఎవరు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా రోజుల లెక్క ఒక్కటే అవుతుంది.

మర్నాడు సెయింట్ పీటర్స్‌కి వెళ్ళాం. భద్రతా తనిఖీ వరస పొడుగ్గా ఉండి నెమ్మదిగా కదిలింది. లోపల కుడిచేతి పక్క నడవలో పోప్ పదమూడో గ్రెగరీ సమాధి ఉంది. కమిల్లో రుస్కోని చెక్కి 1723లో పూర్తిచేసింది. పైన పోప్ చెయ్యి ఎత్తి కూర్చుని ఉంటాడు. కింద, ఆయన వంశచిహ్నమైన డ్రాగన్. శవపేటిక ముఖం మీద క్యాలెండరు సంస్కరణ ఘట్టం చెక్కారు.

సంస్కరణకు మూలమైన ఆలోచన మాత్రం ఆ పోప్‌ది కాదు. దక్షిణ ఇటలీలో కలాబ్రియా ప్రాంతపు చిరో ఊరివాడైన అలోయిసియస్ లిలియస్ అనే వైద్యుడిది. జూలియన్ ఏడాది అసలు సౌర సంవత్సరం కంటే సుమారు 11 నిమిషాలు ఎక్కువ. ఆ నిమిషాలు శతాబ్దాల పాటు పోగుపడి, మార్చి 21న ఉండాల్సిన విషువత్తు పదహారో శతాబ్దానికి మార్చి 11కి వచ్చేసింది. నాలుగు వందల ఏళ్ళలో మూడు లీపు రోజులు మానేస్తే చాలని లిలియస్ సూచన. అందుకే 1900 లీపు కాదు, 2000 లీపు. అతను 1576లోనే పోయాడు. రాసిన ప్రతిని సోదరుడు అంటోనియో రోమ్‌కి తెచ్చి ఇచ్చాడు. క్రిస్టోఫర్ క్లావియస్ వంటి గణితజ్ఞులున్న సంఘం దాన్ని పరిశీలించింది, 1577లో సారాంశం అచ్చువేసి రాజులకూ విశ్వవిద్యాలయాలకూ పంపింది. ఆ లిలియస్ పేరునే 1986లో ఐబీఎంకు చెందిన బ్రూస్ ఓమ్స్ రోజుల లెక్కకు పెట్టాడు. మా ప్రోగ్రాముల్లో నిత్యం పలికే పేరుగల మనిషి తన లెక్క అమలు కావడం చూడలేదని ఆ సమాధి ముందు నిలబడి తలుచుకుంటే మనసు బరువెక్కింది.

ఆ తరవాతి ప్రయాణం ఫ్రాస్కాతికి. తెర్మినిలో రైలెక్కితే అరగంట దారి. ఊళ్ళు తగ్గి ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు మొదలవుతాయి. చివర్లో రైలు కొండ ఎక్కుతుంది. ఆ కొండల్లోనే విల్లా మొంద్రగోనె ఉంది. ఇప్పుడది రోమ్‌లోని తోర్ వెర్గాతా విశ్వవిద్యాలయానిది. 1582 ఫిబ్రవరి 24న గ్రెగరీ క్యాలెండరు ఆజ్ఞాపత్రం మీద సంతకం చేసింది ఈ భవనంలోనే. పక్కదారిలో చెట్లనీడన రాతి గట్టు మీద కూర్చుంటే కింద మైదానమంతా, దాని చివర రోమ్ నగరం కనిపిస్తాయి. ఆజ్ఞాపత్రం అనువాదం అచ్చుతీసి సంచిలో పెట్టుకెళ్ళాను. అక్కడ కూర్చుని చదివాను.

పది రోజులు తీసేయాలన్న సంగతి అందరికీ తెలిసిందే. అక్టోబరు 4 గురువారం తరవాత 15 శుక్రవారం వచ్చింది. ఆ పది రోజుల్లో పడే పండుగలు ఎప్పుడు చేసుకోవాలో పత్రంలో రాసి ఉంది. ఆ కిందనే ఉన్న ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఏటేటా, నెలనెలా జరగాల్సిన చెల్లింపుల్లో ఈ పది రోజుల వల్ల ఎవరికీ నష్టం కలగకూడదు. తగాదా వస్తే న్యాయమూర్తులు ఆ చెల్లింపు గడువు చివర మరో పది రోజులు కలపాలి. వాక్యం సారాంశం అది.

కాగితం వెనక లెక్క వేశాను. అక్టోబరు 1న మొదలైన నెల అద్దె నవంబరు 1న కట్టాలి. కానీ ఆ నెలలో 21 రోజులే ఉన్నాయి. పత్రం చెప్పినట్టు పది కలిపితే గడువు నవంబరు 11. ఇప్పుడు లిలియన్ లెక్కలో చూద్దాం. 15వ తేదీ 1 అయితే దాని ముందురోజైన 4వ తేదీ 0, 1వ తేదీ మైనస్ 3. మామూలు అక్టోబరుకున్న 31 రోజులు కలిపితే 28. ఇరవై ఎనిమిదో రోజు నవంబరు 11. పోప్ పత్రం, మా కూడిక ఒకే తేదీ దగ్గర కలిశాయి. తేదీల పేర్లు మార్చే అధికారం తనకుందని గ్రెగరీ అనుకున్నాడు. మనిషి వాడుకున్న రోజులను మాయం చేసే అధికారం ఎవరికీ లేదని కూడా అదే పత్రంలో ఒప్పుకున్నాడు.

మా ఆఫీసు తగువుకు జవాబు నాకు ఆ గట్టు మీద దొరికింది. రోజుల కూడిక సూర్యుడి పని. దానిలో అభిప్రాయాలకు చోటు లేదు. నెలల కూడిక మనుషుల ఒప్పందం. ఒప్పందం అన్నాక అది రాతలో ఉండాలి, దానివల్ల డబ్బు కట్టేవాడికి కనబడేలా ఉండాలి. మన దగ్గరా అంతే. తిథి రెండు రోజుల మీద పరుచుకుంటే ఏ రోజు పండుగ, అధికమాసం వస్తే ఆబ్దికం ఎప్పుడు అన్నది ఆకాశం చెప్పదు. 1612లో కమలాకర భట్టు నిర్ణయసింధు కూర్చింది అలాంటి సంగతులు రాతపూర్వకంగా తేల్చడానికే. ప్రతి ఇంట్లోనూ ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసుకోమని వదిలేయలేదు.

తిరిగొచ్చాక ఏడీడీడాట్‌లో నెలాఖరు పారామీటరుకు డిఫాల్ట్ పెట్టవద్దని వాదించాను. రోజులు కలిపేటప్పుడు ఆ పారామీటరు కనిపించదు. నెలలు అని ఎంచుకుని ఎఫ్4 నొక్కితే మాత్రం ఆ ఖాళీ తెర మీదికొస్తుంది. తేదీనే పట్టుకోవాలా, నెలాఖరును పట్టుకోవాలా, మిగిలిన రోజులు పై నెలకు జరగాలా అని మూడు ఎంపికలు. ఏదీ ఎంచకపోతే కమాండ్ నడవదు. ఎఫ్1 నొక్కితే ఒక్కోదానికీ జనవరి 31 ఉదాహరణతో జవాబు చూపించే వివరణ రాశాను. సోర్సులో ఆ పంక్తి పక్కన ఏ ఒప్పందపత్రంలోని ఏ నిబంధన ప్రకారం ఏది ఎంచామో ప్రోగ్రాము రాసేవాళ్ళు వ్యాఖ్యగా రాయాలని బృందం నియమం పెట్టుకుంది.

“ఇంత శ్రమ అవసరమా అమ్మా?” అని పెద్దాయన మళ్ళీ అడిగారు. ఆజ్ఞాపత్రంలోని ఆ వాక్యం ఆయనకు చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి, సమీక్షలో ఆయనే మొదట ఆమోదించారు.

ఒక భాషకు కొత్త మాట చేర్చే అవకాశం ప్రోగ్రామర్‌కి దొరికే గౌరవం. మన తరవాత వచ్చేవాళ్ళు దాన్ని ఐబీఎం ఇచ్చిన కమాండే అనుకుని, లోపల ఏముందో చూడకుండా వాడేస్తారు. కాబట్టి ఆ మాట లోపల మనం తీసుకున్న నిర్ణయం ఏదైనా ఉంటే అది వాళ్ళ కళ్ళెదుట ఉండాలి. నాలుగు వందల ఏళ్ళ కిందట, కరెంటు లేని రోజుల్లో, దేశాలకు దేశాలు వాడే తేదీలను మారుస్తూ కూడా ఆ పత్రం రాసినవాళ్ళు అద్దె కట్టే మనిషిని మరిచిపోలేదు. నెలకో వాయిదా కట్టుకుంటూ ఇల్లు నిలబెట్టుకునేవాళ్ళ కోసం మనమూ ఆపాటి శ్రద్ధ పెట్టాలి.